తిరుపాలు వేసిన తడిగోడ లెక్క

అనగనగా, గాడిదలు ఇంకా మాట్లాడుతున్న రోజుల్లో, చిల్లవాగుపాడు అని ఒక ఊరు ఉండేది. తర్వాతి కాలంలో గాడిదలు మాట్లాడటం మానేశాయి. ఎందుకు మానేశాయని పిల్లలు అడుగుతుంటారు. ఆ ఊళ్ళో ఒక్క ఏడాది ఉండి వస్తే ఎవరూ అడగరు.

ఆ ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు. పెద్దకాపుకు ముహూర్తాలు తెలుసు. పురోహితుడికి మట్టి సంగతి తెలుసు. వైద్యుడికి వాస్తు తెలుసు. ఎవరి పని వాళ్ళకు తెలుసో లేదో మాత్రం ఎవరికీ తెలియదు.

ఆ ఊళ్ళో తిరుపాలు అని ఒకడుండేవాడు. వాగులో తుంగ కోసుకొచ్చి చాపలు అల్లి అమ్ముకునేవాడు. చాపలు బాగా అల్లేవాడు. కానీ ఎవరైనా "నీ చాపలు బాగున్నాయి తిరుపాలూ" అంటే అతనికి నచ్చేది కాదు. "నా లెక్కలు బాగున్నాయి" అనాలి. అలా అన్నవాళ్ళకు ఒక చాప ఊరికే ఇచ్చేవాడు. అందుకే ఆ ఊళ్ళో అందరి ఇళ్ళల్లో తిరుపాలు చాపలే ఉండేవి, తిరుపాలు దగ్గర డబ్బు ఉండేది కాదు.

కిందటి వానాకాలంలో వాగు పొంగి అతని ఇల్లు పట్టుకుపోయింది. గోడలు, దూలాలు, తలుపు, అన్నీ పోయాయి. తిరుపాలు, అతని పెళ్ళాం ఓబులమ్మ, పొత్తిళ్ళలో పిల్ల మిగిలారు. ఓబులమ్మ అన్న పిచ్చయ్య వాళ్ళను తీసుకొచ్చి తన ఇంటి వసారాలో ఉంచాడు. పిచ్చయ్య చాలా మంచివాడు. అంత మంచివాడు కనుక ఇంట్లో అతని మాటకు విలువ లేదు. ఆ ఇంట్లో మాట అంటే అతని భార్య నాంచారమ్మ మాటే.

నాంచారమ్మ కొన్ని నెలలు ఊరుకుంది. శివరాత్రి వెళ్ళిన మర్నాడు పేడకళ్ళు ఎత్తుతూ అంది:

"ఓబులమ్మా, మృగశిర కార్తె రాగానే వానలు మొదలవుతాయి. వానలు మొదలైతే గేదెలు వసారాలోకి రావాలి. మీకూ గేదెలకూ కలిపి ఇక్కడ చోటు చాలదు."

"మమ్మల్ని పొమ్మంటున్నావా వదినా?"

"పొమ్మని నేనెందుకంటాను తల్లీ. గేదెలు పాలిస్తాయి అంటున్నాను, అంతే."

ఓబులమ్మ చంకలో పిల్లకు అప్పటికి ఎనిమిది నెలలు. మృగశిర నాటికి సొంత కప్పు లేకపోతే ఆ పిల్లను ఎత్తుకుని వానలో నిలబడాలి. ఉన్న సంగతి అదొక్కటే. అది ఎవరికైనా ఒక్క మాటలో అర్థమవుతుంది. తిరుపాలుకు మాత్రం అది లెక్కగా కనబడింది.

అతనికి మిట్ట మీద తాత ఇచ్చిన జాగా ఉంది. వాగు అక్కడికి రాదు. వసారాలో ఉన్న నెలల్లో ఓబులమ్మ చాపలు అమ్మి కూడబెట్టిన పదహారు రూకలు మూటలో ఉన్నాయి. బొగ్గుముక్క తీసుకుని నాంచారమ్మ గోడ మీదే లెక్క మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో ఇల్లంటే మట్టిగోడల ఇల్లు. మట్టిని నానబెట్టి, గడ్డి కలిపి, కాళ్ళతో తొక్కి, ముద్దలు చేసి, నాలుగు వైపులా ఒక అడుగు ఎత్తున పేరుస్తారు. దాన్ని ఒక వరస అంటారు. దాని మీద ఇంకో వరస. అలా ఏడు వరసలు పెడితే మనిషి నిటారుగా లోపలికి నడిచే ఇల్లవుతుంది.

"వరసకు ఒక రోజు," అన్నాడు తిరుపాలు, గోడ మీద గీత గీస్తూ. "ఏడు వరసలకు ఏడు రోజులు. దూలాలకు ఒక రోజు. తాటాకు కప్పుకు రెండు రోజులు. మొత్తం పది రోజులు. కూలి రోజుకు ఒక రూక, ఏడు రూకలు. దూలాలు మూడు, మూడు రూకలు. తాటాకులు కొట్టించి, మోయించి, తాళ్ళు కొనడానికి మూడు రూకలు. గృహప్రవేశం నాడు ఊరికి భోజనాలు, మూడు రూకలు. పదహారు. చూశావా ఓబులూ, ఒక్క రూక మిగలదు, ఒక్క రూక తక్కువ కాదు. లెక్క అంటే ఇలా ఉండాలి."

"గోడలు పెట్టే గురవయ్య మామను ఒకసారి అడగరాదూ?"

"గోడ పెట్టేవాణ్ణి అడిగితే కూలి పెంచుతాడు. లెక్క వేసేవాడు ఎవరినీ అడగకూడదు."

"మరి ఎప్పుడు మొదలుపెడదాం?"

"మృగశిరకు ఇంకా నూరు రోజులుంది. మనకు కావలసింది పది. చేతిలో తొంభై రోజులున్నాయి. ఆ తొంభై రోజులు ఏం చేసుకోవాలో తెలియక నేను ఆలోచిస్తుంటే, ఎప్పుడు మొదలుపెడదాం అంటావేమిటి?"

నాంచారమ్మ గోడ వైపు చూసి, "తమ్ముడూ, నీ గోడ లేచేలోపల నా గోడ నల్లబడేట్టుంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తొంభై రోజులు ఏం చేసుకోవాలో ఊరు చూపించింది.

మొదట పెద్దకాపు వచ్చాడు. వసారాలో కూర్చుని మజ్జిగ తాగి, "మూఢం నడుస్తోంది. మూఢంలో గునపం దించితే గోడలు కూలతాయి," అన్నాడు. ఆయనకు మూఢం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు వెళుతుందో తెలియదు. అయినా చెప్పాడు. తిరుపాలు ఇరవై రోజులు ఆగాడు.

తర్వాత పురోహితుడు వచ్చాడు. పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు. "ఇది చవుడు, గోడకు పనికిరాదు. వాగు అవతలి మట్టి తేవాలి," అన్నాడు. తిరుపాలు పదిహేను రోజులు వాగు అవతలి మట్టి కోసం తిరిగాడు. అది కూడా ఇదే మట్టి అని తెలుసుకుని వచ్చాడు.

ఆ తర్వాత వైద్యుడు వచ్చాడు. జాగాలో సుద్దతో గీసిన గీతలు చూసి, "వాకిలి ఇటుందేం? ఇటుంటే ఇంట్లో అందరికీ పడిశం," అన్నాడు. తిరుపాలు గీతలు చెరిపి అటు గీశాడు. పెద్దకాపు చూసి ఇటే బాగుందన్నాడు. మళ్ళీ ఇటు గీశాడు. దానికి పది రోజులు పట్టింది.

"ఇదంతా ఎందుకయ్యా?" అంది ఓబులమ్మ ప్రతిసారీ.

"చేతిలో రోజులున్నాయి కదా," అన్నాడు తిరుపాలు ప్రతిసారీ.

ఇలా నలభై ఐదు రోజులు వెళ్ళాయి. సుద్ద గీతలు తప్ప ఆ జాగాలో ఏమీ లేవలేదు.

అశ్విని కార్తె రాగానే గురవయ్యను పిలిచారు. గురవయ్య రెండు ఊళ్ళకు గోడలు పెట్టేవాడు. మాట తక్కువ మనిషి. అతని వెంట ఇద్దరు కూలీలు వచ్చారు, మట్టి మోసే ఒక ముసలి గాడిద వచ్చింది. మొదటి రోజు మొదటి వరస చక్కగా లేచింది. సాయంత్రం గురవయ్య కాళ్ళు కడుక్కుని, "ఇక ఐదు రోజులకు వస్తాను అల్లుడూ," అన్నాడు.

"రేపు రావా మావా?"

"గోడ ఆరాలి కదా."

"ఆ ఐదు రోజులూ ఇక్కడ ఎవరు పని చేస్తారు?"

"ఎండ చేస్తుంది."

"ఎండకు కూలి ఇవ్వాలా?"

"ఎండ కూలి అడగదు అల్లుడూ."

తిరుపాలు నవ్వాడు. "అయితే అది రోజెట్లా అవుతుంది మావా? పని లేదు, కూలి లేదు. అట్లాంటి రోజు నా లెక్కలోకి రాదు. నువ్వు రేపు పొద్దున్నే రా."

గురవయ్య పార భుజాన వేసుకున్నాడు. "కూలి నీది, గోడ నీది, బుద్ధీ నీదే. నాదేముంది," అని వెళ్ళి, మర్నాడు పొద్దున్నే వచ్చాడు.

రెండో వరస లేచింది. మూడో వరస లేచింది. తిరుపాలు ఊరంతా తిరిగి, మూడు రోజుల్లో మూడు వరసలు అని చెప్పుకున్నాడు. ఊరంతా వచ్చి చూసి, భలే అంది. ఆ ఊరు దేన్ని చూసినా భలే అంటుంది. నాలుగో రోజు నాలుగో వరస పెడుతుండగా కింది వరసకు పొట్ట వచ్చింది. నిండు బిందె చంకన పెట్టుకున్న మనిషిలా గోడ ఒక పక్కకు ఒరిగింది. పైన మూడు వరసలూ మెల్లగా, చప్పుడు కూడా పెద్దగా లేకుండా, కిందికి జారి కూర్చున్నాయి.

అందరూ చూస్తూ నిలబడ్డారు. భలే అన్నవాళ్ళు అప్పుడే చెప్పాం కదా అన్నారు.

గాడిద ఆ మట్టికుప్ప వైపు చూసి, "నా పనే తేలిక. మోసిన మట్టి మోసినట్టే ఉంటుంది, అది ఎక్కడ నిలబడినా, ఎక్కడ పడుకున్నా," అంది.

పడిన మట్టి విరగ్గొట్టి, నానబెట్టి, మళ్ళీ తొక్కడానికి ఐదు రోజులు పట్టింది. నాలుగు రూకలు కరిగిపోయాయి. ఈ మధ్యలో తిరుపాలుకు ఇంకో ఆలోచన వచ్చింది. అతనికి ఆలోచనలు రావడమే ఆ కుటుంబానికి పట్టిన కష్టం.

"గోడ ఆరకపోవడమే కదా తప్పు. ఆరబెడదాం," అన్నాడు.

"ఎట్లా?" అంది ఓబులమ్మ.

"మంటతో. ఎండ ఐదు రోజుల్లో చేసే పని మంట ఒక్క సాయంత్రంలో చేస్తుంది. కుండలు ఎట్లా కాలుస్తున్నారు?"

"కుమ్మరి కూడా కుండను నీడన ఆరబెట్టాకే ఆవంలో పెడతాడయ్యా."

"అది కుండ. ఇది గోడ," అన్నాడు తిరుపాలు. పిల్లలూ, ఈ మాటకు జవాబు లేదు. ఇలాంటి మాటలకు ఎప్పుడూ జవాబు ఉండదు. అందుకే ఇలాంటివాళ్ళు ఎప్పుడూ గెలుస్తారు, గోడలే ఓడిపోతాయి.

వరస పెట్టిన ప్రతి సాయంత్రమూ గోడ చుట్టూ మంటలు వేశాడు. గడ్డి నాంచారమ్మ వాము నుంచి తెచ్చాడు. నాలుగు మోపులు కాలాక ఆమె వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తమ్ముడూ, గోడకు చలి వేస్తోందా?"

"ఆరబెడుతున్నాను అక్కా."

"నా గేదెల మేత పెట్టి?"

"మేత మళ్ళీ వస్తుంది అక్కా. రోజులు రావు."

"ఆ మాట నీకు తెలుసన్నమాట," అని నాంచారమ్మ మిగిలిన గడ్డిని తనే ఇంటికి మోసుకుపోయింది.

మూడు రోజుల్లో మూడు వరసలు లేచాయి. తట్టి చూస్తే గట్టిగా ఉన్నాయి. ఎండిన రొట్టెలా పైపొర పెళపెళలాడుతోంది. నాలుగో రోజు పొద్దున ఆ పైపొర పగిలింది. పగుళ్ళ మధ్య నుంచి లోపలి తడి కనబడింది. మధ్యాహ్నానికి గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడి, సాయంత్రానికి మొదటి గోడ పడిన చోటే పడింది.

గాడిద ముందుకు వచ్చి, వాసన చూసి, "ఈ మట్టి నాకు ముఖపరిచయం. రేపు మళ్ళీ కలుస్తాం," అంది.

ఇంకో మూడు రూకలు పోయాయి. మట్టి తిరిగి సిద్ధం చేయడానికి ఆరు రోజులు పట్టింది. భరణి కార్తె వచ్చింది. చేతిలో తొమ్మిది రూకలున్నాయి. మృగశిరకు ముప్పై ఆరు రోజులుంది. ఏడు వరసల ఇంట్లో ఒక్క వరస కూడా లేదు.

తిరుపాలు జాగాలో ఒక రాయి మీద కూర్చున్నాడు. బొగ్గుముక్క చేతిలోనే ఉంది. గీయడానికి గోడ లేదు.

అప్పుడు ఓబులమ్మ పిల్లను చంకనేసుకుని గురవయ్య దగ్గరకు వెళ్ళింది. రెండు నెలల క్రితం అడగవలసిన మాట అడిగింది. అడగడానికి ఎంతసేపు పట్టిందంటే, పిల్ల ఒక చింతకాయ చీకేంత సేపు.

"మామా, నీ గోడలు ఎందుకు పడవు?"

"నేను ఒక ఊళ్ళో వరస పెట్టి, అది ఆరేలోపల రెండో ఊళ్ళో వరస పెట్టుకుంటాను. రెండు ఊళ్ళు తిరిగేది ఆశ కొద్దీ అనుకుంటారు అందరూ. ఒకే ఊళ్ళో ఉంటే చేతులు ఊరుకోక తడి మీద తడి పెడతాను తల్లీ. అందుకని పోతాను."

"ఇప్పుడు ఎన్ని రోజులు ఆరాలి?"

"ఎండలు ముదిరాయి. నాలుగు చాలు."

ఓబులమ్మ తిరిగి వచ్చి తిరుపాలు ముందు నేల మీద చింతపిక్కలు పేర్చింది. పని రోజుకు ఒక అరగదీసిన తెల్లపిక్క. ఆరే రోజుకు ఒక నల్లపిక్క. ఒక తెల్లది, నాలుగు నల్లవి. మళ్ళీ ఒక తెల్లది, నాలుగు నల్లవి.

"అన్నీ నల్లవే ఉన్నాయే," అన్నాడు తిరుపాలు.

"గోడంటే అదేనయ్యా. ఏడు వరసలకు ముప్పై ఐదు రోజులు. కప్పుకు ఐదు. నేల చదును చేసి అలకడానికి రెండు. మనకున్నవి ముప్పై ఆరు. సరిపోవు."

"మరి?"

"ఐదు వరసలు పెడదాం. ఇరవై ఐదు రోజులు. కప్పు, నేల కలిపి ముప్పై రెండు."

తిరుపాలు తల పట్టుకున్నాడు. "ఐదు వరసల ఇల్లా? మనిషి వంగి లోపలికి పోవాలి. ఊరు నవ్వుతుంది."

"ఊరు ఇప్పుడు నవ్వడం లేదా?"

తిరుపాలు ఒక నల్లపిక్క తీసి అటూ ఇటూ తిప్పాడు. "డబ్బో?" అన్నాడు.

"గోడకు ఐదు రూకలు. ఇల్లు చిన్నదవుతుంది కనుక రెండు దూలాలు చాలు, రెండు రూకలు. తాటాకులు మనమే కొట్టి తెచ్చుకుందాం, నార తీసి తాళ్ళు మనమే పేనుకుందాం. ఇరవై నల్లపిక్కలున్నాయి, ఆ రోజుల్లో కూర్చుని ఏం చేస్తాం? తలుపుకు నువ్వే తడక అల్లు. నీకు అల్లడం వచ్చు."

"గృహప్రవేశం భోజనాలు?"

"వాళ్ళు పెట్టిన సలహాలు మనం తిన్నాం. చెల్లుకు చెల్లు."

తిరుపాలు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "ఓబులూ, నీ లెక్క తప్పింది. నాలుగు రోజులు మిగిలాయి, రెండు రూకలు మిగిలాయి. అవి ఎందుకు?"

"తెలియదు."

"తెలియకుండా లెక్కలో ఎట్లా పెట్టావు?"

"తెలియదు కనుకే పెట్టాను," అంది ఓబులమ్మ.

మర్నాడు పని మొదలైంది. మొదటి వరస లేచింది. గురవయ్య తన రెండో ఊరికి వెళ్ళిపోయాడు. తిరుపాలు తాటిచెట్లెక్కి ఆకులు కొట్టాడు. ఓబులమ్మ నార తీసి తాళ్ళు పేనింది. అయినా తిరుపాలు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి గోడను గోటితో గిల్లి చూసేవాడు. పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా అతను అన్నిసార్లు చూడలేదు.

తెలియని రోజులు ఎందుకో తర్వాత ఒక్కొక్కటిగా తెలిసింది.

రెండో వరస పెట్టవలసిన రోజున గురవయ్య రాలేదు. వైశాఖంలో మేనల్లుడి పెళ్ళి. "ముందే చెప్పొద్దూ మావా," అన్నాడు తిరుపాలు మర్నాడు. "అడిగావా అల్లుడూ," అన్నాడు గురవయ్య. ఒక రోజు పోయింది.

మూడో వరస నాడు గాడిద పడుకుని లేవలేదు. "ఈ మట్టిని ఇప్పటికి మూడుసార్లు మోశాను. ఇది చుట్టరికం అయిపోయింది. ఈ పూటకు నన్ను వదిలేయండి," అంది. ఎంత లేపినా లేవలేదు. ఇంకో రోజు పోయింది.

నాలుగో వరస పెట్టిన సాయంత్రం పడమట మబ్బు పట్టింది. గాలి లేచింది. కృత్తిక ఎండల్లో అప్పుడప్పుడూ వచ్చే గాలివాన అది, అరగంట కురిసి పోతుంది. ఆ అరగంట చాలు పచ్చిగోడకు.

తిరుపాలు వసారాలోకి పరుగెత్తాడు. సంతకు పంపడానికి కట్టలు కట్టిన కొత్త చాపలున్నాయి, రెండు నెలల కష్టం. అన్నీ మోసుకొచ్చి గోడ మీద పరిచాడు. గాలికి లేవకుండా రాళ్ళు పెట్టాడు. ఒక మూల రాళ్ళు చాలకపోతే తనే చాప మీద బోర్లా పడుకున్నాడు. ఓబులమ్మ రెండో మూల పట్టుకుని నిలబడింది. వాన వాళ్ళ వీపుల మీద పడింది. ఆ పూట తిరుపాలు ఒక్క లెక్క కూడా వేయలేదు.

వాన వెలిశాక చాపలు ఎత్తి చూశారు. గోడ తడిసింది గానీ కరగలేదు. చాపలు మాత్రం సంతకు పనికిరాకుండా పోయాయి. గురవయ్య వచ్చి చేయి పెట్టి చూసి, "ఇంకో రెండు రోజులు ఎక్కువ ఆరనీ," అన్నాడు. మిగిలిన రెండు రోజులూ పోయాయి.

ఐదో వరస లేచి, ఆరి, గట్టిపడేసరికి మృగశిరకు సరిగ్గా ఏడు రోజులుంది. అంటే కప్పుకు ఐదు, నేలకు రెండు.

ఆ రోజే ఊరు మళ్ళీ వచ్చింది. పెద్దకాపు గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు. గోడ అతని గడ్డం దాకా ఉంది.

"ఇదేమిటి తిరుపాలూ, మధ్యలో ఆపేశావు?"

"ఇంతే బాబయ్యా."

"ఇంతే ఏమిటి? ఇంకా ఏడు రోజులుంది. రెండు వరసలకు రెండు రోజులు. కప్పుకు ఐదు. నేల సంగతి లోపల కూర్చుని తాపీగా చూసుకో. లెక్క తెలిసినవాడివి, నీకు నేను చెప్పాలా?"

వైద్యుడు, పురోహితుడు అవునవునన్నారు. నాంచారమ్మ కూడా వచ్చింది. "నేనూ చూసిపోదామని వచ్చాను తమ్ముడూ. ఇది ఇల్లా, కోళ్ళగూడా? కోళ్ళగూడు అయితే బాగానే ఉంది," అంది.

అందరూ నవ్వారు. తిరుపాలు మొలలో చేయి పెట్టి చూసుకున్నాడు. అక్కడ నాలుగు రూకలున్నాయి. రెండు దూలాలవి. తక్కిన రెండు సరిగ్గా రెండు వరసల కూలి. మట్టి కూడా కుప్ప పోసి ఉంది. గురవయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, పిలిస్తే వచ్చేట్టు. పెద్దకాపు చెప్పింది అతను శివరాత్రి మర్నాడు వేసిన లెక్కే. అక్షరం పొల్లుపోకుండా అదే లెక్క.

ఓబులమ్మ పిల్లను భుజం మార్చుకుంది.

తిరుపాలు గోడ మీద చేయి వేశాడు. చల్లగా లేదు. గోటితో గిల్లాడు. గోరు దిగలేదు.

"రెండు వరసలు పెట్టడానికి రెండు రోజులు బాబయ్యా," అన్నాడు. "ఆరడానికి ఎనిమిది. మొత్తం పది. నాకున్నవి ఏడు. అవి కూడా నావి కావు, కప్పువి."

"ఆరే రోజులు కూడా ఎవడైనా లెక్క పెడతాడా?" అన్నాడు పెద్దకాపు.

"నేనూ అట్లాగే అనేవాణ్ణి," అన్నాడు తిరుపాలు. "మావా, దూలాలు తెచ్చి ఎత్తుదాం రా."

ఊళ్ళోవాళ్ళు ఇక నవ్వడానికి ఏమీ లేక, ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

తెచ్చిన రెండు దూలాల్లో ఒకటి లోపల పురుగు తొలిచి ఉంది. మిగిలిన రెండు రూకల్లో ఒకటి పెట్టి ఇంకో దూలం తెచ్చారు. ఆ రూక ఎందుకో కూడా తెలిసింది. తాటాకు కప్పారు. తిరుపాలు తడక అల్లాడు. ఊళ్ళో అంత అందమైన తడక ఎవరికీ లేదు, ఆ సంగతి ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. నేల అలికారు. ఏడో రోజు సాయంత్రం ఓబులమ్మ పాలు పొంగించింది. గురవయ్య, గాడిద, పిచ్చయ్య వచ్చారు. పిచ్చయ్య నాంచారమ్మకు చెప్పకుండా వచ్చాడు.

మృగశిర వచ్చింది. వాన రాలేదు. రెండో రోజు కూడా రాలేదు. ఊరంతా మిట్ట వైపు చూసి, "అదిగో, వాన ఎక్కడుంది? రెండేం, నాలుగు వరసలు పెట్టుకునేవాడు," అంది. తిరుపాలు ఆ రెండు రోజులూ వాకిట్లో కూర్చుని చాప అల్లుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఈసారి అరగంట వాన కాదు. వాగుకు నీళ్ళు వచ్చేంత వాన, నాలుగు రోజులు ఆగకుండా కురిసే వాన. పొలం నుంచి వస్తున్న పెద్దకాపు మిట్ట దగ్గర చిక్కుకుపోయాడు. చుట్టుపక్కల ఇంకో కప్పు లేదు. పరుగెత్తుకొచ్చి ఆ వాకిలి ముందు నిలబడ్డాడు. కాసేపు నిలబడి, తల వంచి, లోపలికి వచ్చాడు. చిల్లవాగుపాడులో పెద్దకాపు తల వంచడం అదే మొదలు.

లోపల పొడిగా ఉంది. ఓబులమ్మ అతనికి తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చింది. పిల్ల చాప మీద నిద్రపోతోంది. పెద్దకాపు తల తుడుచుకుంటూ నాలుగు వైపులా చూశాడు. చూసి ఊరుకుంటే అతను పెద్దకాపు ఎందుకవుతాడు?

"గోడ గట్టిగానే ఉంది," అన్నాడు. "కానీ తిరుపాలూ, నెల రోజుల పైన పని అన్నావు. అందులో ఇరవై రోజులకు పైగా గోడ ముట్టకుండా ఊరికే కూర్చున్నారట కదా. ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్నారు."

"అవును బాబయ్యా," అన్నాడు తిరుపాలు. "మేం కూర్చున్నాం కనుకే అది నిలబడింది."

బయట వాన పెద్దదైంది. పెద్దకాపు ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాడు.

చేతులు పని చేసే రోజులనే కాక, చేతులు ముడుచుకోవలసిన రోజులను కూడా లెక్కలో రాసుకున్నవాడి ఇల్లే వానకు నిలుస్తుంది.